640×480 ఫోటోని 12×18 ప్రింట్ వేయించొచ్చా? ఏఐతో పెంచితే తప్పేంటి?

గాలిపటం:
అందరికీ నమస్కారం. నాన్నగారు పోయాక ఆయన ఫోటోలు వెతికితే నవ్వుతూ ఉన్నది ఒక్కటే దొరికింది. మిగతావన్నీ ఐడీ కార్డు ముఖాలే. పాత ఫోన్‌తో తీసిన నిలువు ఫోటో, సైజు చూస్తే 640×480. అన్నయ్య 12×18 ఫ్రేము కట్టిద్దామంటున్నాడు. ల్యాబ్‌లో అడిగితే "72 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని) ఉంది, 300 చేసి తీసుకురండి" అన్నారు. ఫోటోషాప్‌లో 300 అని మార్చాను, ఫోటోలో మాత్రం తేడా ఏమీ లేదు. ఏఐ యాప్‌లో పెడితే బ్రహ్మాండంగా వస్తుందని బావ అంటున్నాడు. ఏం చేయమంటారు?

చుక్కలలెక్క:
ముందు ఆ 72, 300 గొడవ పక్కన పెట్టండి. అది ఫైలులో రాసి ఉండే ఒక అంకె, అంతే. దాన్ని మార్చినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా కొత్తగా పుట్టదు. మీ దగ్గరున్నవి నిలువుకు 640, అడ్డానికి 480, మొత్తం 3,07,200. అంగుళానికి 300 చొప్పున పరిస్తే నిలువు 2 అంగుళాల చిల్లర, పర్సులో పెట్టుకునే సైజు. 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 35 మిగులుతాయి. 3×4 అయితే అంగుళానికి 160, చేతిలో పట్టుకుని చూసినా బాగుంటుంది. ల్యాబ్ నడిపేవాళ్లకు ఈ మాత్రం తెలియకపోవడం విచిత్రం.

ల్యాబ్‌గది:
తెలియక కాదు సార్. నేనూ ల్యాబ్‌లోనే పనిచేస్తాను. 300 అని ఎందుకంటామంటే, అలా అంటేనైనా కస్టమర్ ఇంటికెళ్లి పెద్ద ఫైలు వెతుక్కొస్తాడని. ప్రొఫైల్ ఫోటోకి స్క్రీన్‌షాట్ తీసి పట్టుకొచ్చి 20×30 కావాలంటారు. పగిలిపోతుందండీ అంటే "మీకెందుకు, వేయండి" అంటారు. వేశాక మిషను బాగాలేదంటారు. మొన్నొకాయన ప్రింటు కౌంటర్ మీద విసిరేసి వెళ్లాడు. ఆ డబ్బు నా జీతంలో కోశారు. మీ లెక్కల్లో అది ఎక్కడుంది?

జూమ్‌రాజా:
మీరింకా పాతకాలంలోనే ఉన్నారు. ఫోటోషాప్ చేసే అడోబీ వాళ్ల సూపర్ రిజల్యూషన్ 2021లోనే వచ్చింది, ఒక్క క్లిక్కుతో నిలువూ అడ్డం రెండింతలు, పిక్సెళ్లు నాలుగింతలు. ముఖాలకైతే జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ అనే ఏఐ ప్రోగ్రాంలు ఉన్నాయి. గాలిపటం గారూ, మీ బావగారు చెప్పిందే రైటు. అరగంట పని.

తీగ:
అది ఫోన్‌లోంచి నేరుగా కాపీ చేసిన ఫైలేనా? ఎవరైనా మెయిల్‌లో పంపిందా?

మట్టిరంగు:
అరగంటలో మీ నాన్నగారి పోలికలున్న ఇంకొకాయన వస్తాడు. ఆ సైజు ఫోటోలో ముఖం వెడల్పు 90 పిక్సెళ్లు ఉందనుకుందాం. అందులో ఒక కన్ను 18. కనురెప్ప వెంట్రుకలు, కంటిపక్క ముడతలు 18 పిక్సెళ్లలో ఉండవు. యాప్ వాటిని ఎక్కడి నుంచి తెస్తుంది? తను నేర్చుకున్న లక్షల ముఖాల్లోంచి తెచ్చి అతికిస్తుంది. 2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల పల్స్ అనే ప్రోగ్రాంకి బరాక్ ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం బయటికొచ్చింది. ప్రపంచమంతా తెలిసిన ముఖానికే ఆ గతి పడితే, మన ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ముఖం గురించి అడిగే దిక్కెవరు?

జూమ్‌రాజా:
ఎప్పటిదో ఒబామా ఫోటో పట్టుకుని ఇంకెన్నాళ్లు వేలాడతారు? కోడ్‌ఫార్మర్‌లో 0 నుంచి 1 దాకా ఒక మీట ఉంటుంది. 1 వైపు జరిపితే అసలు ముఖానికి దగ్గరగా ఉంచుతుంది. వాడి చూసి మాట్లాడండి.

మట్టిరంగు:
"దగ్గరగా" అని మీరే అంటున్నారు.

చుక్కలలెక్క:
ల్యాబ్‌గది గారూ, మీ జీతం కోశారంటే బాధగానే ఉంది, అయినా 300 అన్నది అన్ని సైజులకూ వర్తించే సూత్రం కాదు. మామూలు చూపు ఒక డిగ్రీ కోణంలో అరవయ్యో వంతు తేడాని పట్టగలదు. అడుగు దూరంలో పట్టుకుంటే అది అంగుళానికి 300కి కాస్త తక్కువ. ఆరడుగుల దూరంలో 50 చాలు. గోడ మీది ఫ్రేముని ఎవరూ అడుగు దూరం నుంచి చూడరు.

ల్యాబ్‌గది:
చూస్తారు సార్. ఫ్రేము తగిలించిన రోజు ప్రతివాడూ ముక్కు ఆనించి మరీ చూస్తాడు. పైగా అంగుళానికి 35 అంటే మీ లెక్క ప్రకారమే ఎనిమిదడుగుల దూరంలో నిలబడాలి. హాల్లో సోఫా వెనక్కి జరిపి చూడమందామా?

చుక్కలలెక్క:
35తో 12×18 వేయించమని నేనెక్కడన్నాను? పైన చదవండి. 3×4 అన్నాను.

కెమెరాబుడుగు:
పెద్ద ఫ్రేములో చుట్టూ వెడల్పుగా తెల్ల మౌంటు (అట్ట) పెట్టి మధ్యలో చిన్న ప్రింటు పెడితే చాలా అందంగా ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు గానీ.

జూమ్‌రాజా:
మట్టిరంగు గారికి ఏఐ అంటే పడదు, సరే. మీ సెంటిమెంట్ మీ దగ్గర ఉంచుకోండి. ఆయన ప్రింట్ ఎలా వేయించాలని అడిగారు, నీతులు చెప్పమని కాదు.

మట్టిరంగు:
సెంటిమెంటా? సరే, వినండి. మా అమ్మకు ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండేది. చిన్నప్పుడు బావి గట్టు తగిలింది. ఆ చోట వెంట్రుకలు మొలవలేదు. నవ్వితే ఆ కనుబొమ్మ రెండు ముక్కలుగా కనపడేది. మా తమ్ముడు ఇలాగే ఏదో యాప్‌లో పెట్టి పెద్దది చేయించి తెచ్చాడు. కనుబొమ్మ నున్నగా, పెన్సిల్‌తో దిద్దినట్టు ఉంది. పళ్లు వరసగా ఉన్నాయి. ఇంట్లో అందరికీ నచ్చింది. నాకు కడుపు మండేది అక్కడే. "అమ్మ ఇలా ఉండేది కాదురా" అంటే "నీకన్నీ వంకలే అక్కా" అన్నాడు. ఇప్పుడు బంధువుల ఫోన్లన్నిట్లో ఆ బొమ్మే తిరుగుతోంది. అసలు ఫోటో అడిగేవాళ్లే లేరు.

జూమ్‌రాజా:
అది మీ తమ్ముడు చూసుకోకుండా చేయించడం వల్ల. నా సంగతీ వినండి మరి. మా అమ్మ పోయేనాటికి నా కూతురు పుట్టలేదు. మసక ఫోటో చూపించి "మీ నానమ్మ" అంటే అది తలూపి ఆడుకోడానికి వెళ్లిపోయేది. ఏఐతో చేయించి పెట్టాక "నానమ్మ ముక్కు నా ముక్కులా ఉంది" అంది. మీకు జ్ఞాపకం ఉంది కాబట్టి మసకగా ఉన్నా సరిపోతుంది, మిగతాది మీ మనసు నింపుకుంటుంది. చూడనివాళ్ల సంగతేంటి? వాళ్లకి మసక తప్ప ఇంకేం మిగలకూడదా?

మట్టిరంగు:
ఆ ముక్కు మీ అమ్మగారిదో, యాప్ పెట్టిందో మీ అమ్మాయికెలా తెలుస్తుంది?

జూమ్‌రాజా:
నాకు తెలుసు కదండీ. నేను చూశాను, సరిపోయింది, పెట్టాను.

మట్టిరంగు:
మా తమ్ముడూ అదే అన్నాడు. మీ తర్వాత చూసి చెప్పేవాళ్లు ఉండరు. కనీసం ఫ్రేము వెనక అసలు ఫోటో చిన్న ప్రింటు అతికించండి, ఫైలు పేరులో ఏఐ అని రాయండి. అది కూడా ఎక్కువ అడిగినట్టేనా?

జూమ్‌రాజా:
వెనక అతికించడానికి నాకేం అభ్యంతరం లేదు. ముందు వైపు ఏది ఉండాలో మాత్రం మీరు చెప్పకండి.

తీగ:
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

గాలిపటం:
తీగ గారూ, ఇప్పుడే అన్నయ్యని అడిగాను. ఆ ఫోటో అప్పట్లో వదిన తన ఫోన్ నుంచి మెయిల్ చేసింది, చిన్న సైజు అని ఎంచుకుని పంపిందట. పాత ఫోన్ ఆన్ అవడం లేదు గానీ లోపలి మెమరీ కార్డు పనిచేస్తోంది. అందులో అదే ఫోటో 1600×1200 ఉంది!

చుక్కలలెక్క:
అయితే కథే మారిపోయింది. పిక్సెళ్లు ఆరింతలు పైనే పెరిగాయి. 18 అంగుళాలకు అంగుళానికి 89. మూడడుగుల చిల్లర దూరం నుంచి ఇబ్బంది ఉండదు.

ల్యాబ్‌గది:
కానీ మీది 3:4 ఫోటో. 12×18 నిండా వేస్తే అడ్డంలో ఒకటిన్నర అంగుళం కోత పడుతుంది. పక్కన ఎవరైనా ఉన్నారా?

గాలిపటం:
అమ్మ భుజం ఉంది. అది పోతే అమ్మ ఊరుకోదు.

ల్యాబ్‌గది:
అయితే 12×16 వేయించండి, కోత ఉండదు, అంగుళానికి సరిగ్గా 100 వస్తాయి. పాత ఫోన్ ఫోటోల్లో జేపెగ్ గళ్లు (ఫైలుని కుదించినప్పుడు పడే చిన్న చిన్న చదరాలు) ఉంటాయి, ముందు వాటిని కాస్త మెత్తబరచాలి. అది చేయకుండా షార్ప్ చేస్తే గళ్లే షార్ప్ అవుతాయి. బైక్యూబిక్‌తో (ఫోటోషాప్‌లో ఏఐ లేకుండా సైజు పెంచే పద్ధతి) పెంచాక చివర్లో సన్నగా గ్రెయిన్ (ఇసక లాంటి నలుసులు) చల్లండి, చర్మం ప్లాస్టిక్‌లా కనపడదు. గ్లాసీ వద్దు, మ్యాట్ పేపరే. పెద్దది వేయించే ముందు 12×16కి పెంచిన ఫైలులోంచి ముఖం ఉన్న ముక్కని మాత్రం 4×6 మీద అదే సైజులో వేయించి గోడకి అంటించి చూడండి. నచ్చకపోతే పోయేది ఒక్క చిన్న కాగితం.

జూమ్‌రాజా:
ఆ ముక్కే ఏఐతో పెంచి ఇంకోటి వేయించి పక్కన పెట్టండి. ఏది ఏదో చెప్పకుండా మీ అమ్మగారిని అడగండి.

మట్టిరంగు:
దీనికి ఒప్పుకుంటాను. అడిగేది అమ్మగారిని, మీ బావగారిని కాదు.