చవితికి ఇంట్లోనే మట్టి వినాయకుడు: రోజుకు అరగంటే దొరికితే ఎలా?

ప్రశ్న | బాల్కనీ_తోట

వినాయక చవితికి ఇంకా పది రోజులు ఉంది. ఈసారి బొమ్మ కొనకుండా పిల్లలతో కలిసి ఇంట్లోనే చేద్దామని. పెద్దవాడికి 8 ఏళ్లు, చిన్నదానికి 4. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే. రాత్రి భోజనాలకు ముందు ఒక ముప్పావుగంట తప్ప ఖాళీ ఉండదు. మధ్యలో వచ్చే ఆదివారం సగం బజారు పనులకే పోతుంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, పెరడు లేదు, చిన్న బాల్కనీ ఉంది.

8 అంగుళాల బొమ్మకు ఎంత మట్టి పడుతుంది? తొండం, చెవులు ఊడిపోకుండా ఏం చేయాలి? ఈ వానల్లో ఆరుతుందా? చిన్నదానికి ఏ పని అప్పజెప్పాలి? పాలవెల్లి కూడా ఇంట్లోనే కట్టుకోవచ్చా?

జవాబు | సారె_మీద

రోజుకు అరగంటే దొరుకుతోందని బెంగ వద్దు, మట్టిపనికి అదే మేలు. ఒక్క ఆదివారం కూర్చుని పీఠం నుంచి కిరీటం దాకా లాగించేస్తే, ఇంకా మెత్తగానే ఉన్న బొజ్జ మీద తల బరువు పడి బొమ్మ చతికిలబడుతుంది. ఒక భాగం చేసి, అది బిగిశాక రెండోది పెట్టాలి. ఆ బిగిసే సమయంలో మీరు ఆఫీసులో ఉంటే మట్టికి వచ్చిన నష్టం లేదు.

ముందు సైజు సంగతి. 8 అంగుళాలకు తడి మట్టి రెండున్నర నుంచి మూడు కిలోలు పడుతుంది. 6 అంగుళాలకు కిలో, కిలోంబావు చాలు. మొదటిసారి కదా, 6 అంగుళాలే చేయండి. ఆరడానికి పట్టే రోజులు కూడా తగ్గుతాయి. పిల్లలు ఆడుకోవడానికి ఇంకో కిలో అదనంగా తెచ్చుకోండి.

మట్టి కుండలు చేసేవాళ్ల దగ్గర దొరికితే అదే మంచిది, ఏరి తొక్కి పెట్టి ఉంటుంది. పొడి ప్యాకెట్ కొంటే కిలోకు 300 నుంచి 350 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. ఒకేసారి పోయకండి, చపాతీ పిండికి పోసినట్టు కొంచెం కొంచెంగా పోసి పిసకాలి. నల్లరేగడి జోలికి పోవద్దు. అది తడికి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు అంతకంత ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలం పొలాల్లో కనిపించే నెర్రెలే బొమ్మ మీదా వస్తాయి.

ఏ మట్టి తెచ్చినా ముందు ఒక పరీక్ష చేయండి. పెన్సిలంత లావు కడ్డీ చేసి వేలికి చుట్టండి. బీటలిస్తే నీళ్లు తక్కువైనట్టు, చేతికి అంటుకుంటే ఎక్కువైనట్టు. ఇంకో పట్టీ చేసి దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్లు గీతలు పెట్టి ఆరబెట్టండి. ఆరాక 9.5 దగ్గర నిలిస్తే దిగుల్లేదు. 9కి దిగిపోతే నాలుగు వంతుల మట్టికి ఒక వంతు జల్లించిన సన్న ఇసుక కలపాలి. దూదిని పీచులుగా విడదీసి ఒక గుప్పెడు కలిపి పిసికినా ఆ పీచు మట్టిని పట్టి ఉంచి పగుళ్లను ఆపుతుంది.

మొదటి రాత్రి పిసకడం ఒక్కటే పని. బాగా పిసికి ముద్ద చేసి, తడిగుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో కట్టి పెట్టేయండి. తెల్లారేసరికి తడి అంతటా సమంగా పాకుతుంది. రెండో రాత్రి పీఠం, బొజ్జ. పీఠం ముప్పావు అంగుళం మందం. చెక్క మీద రెండు మడతల న్యూస్‌పేపర్ పరిచి దాని మీద చేయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, అడుగున పగుళ్లకు మూలం ఇక్కడే: మట్టి ముడుచుకుంటూ లోపలికి జరగాలి, చెక్కకు అతుక్కుంటే జరగలేక చీలుతుంది.

మూడో రాత్రి కాళ్లు, చేతులు, తల. అప్పటికి బొజ్జ ఎలా ఉండాలంటే, వేలితో నొక్కితే దిగకూడదు, గోటితో గీస్తే గీత పడాలి. అతికించే రెండు వైపులా ఫోర్కుతో అడ్డదిడ్డంగా గీరి, అదే మట్టిని పెరుగంత చిక్కగా నీళ్లలో కలిపి పూసి, కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ నొక్కాలి. నున్నటి మట్టి మీద నున్నటి మట్టి పెట్టి పైపైన నీళ్లు రాస్తే ఆ రాత్రికి అతికినట్టే ఉంటుంది, ఆరాక చెయ్యి చేతిలోకి వస్తుంది. లోపల పుల్లలు, అగ్గిపుల్లలు గుచ్చమని చాలామంది చెబుతారు. చిన్న బొమ్మకు వద్దు. పుల్ల ముడుచుకోదు, చుట్టూ మట్టి ముడుచుకుంటుంది, సరిగ్గా పుల్ల వెంబడే పగులు వస్తుంది.

నాలుగో రాత్రి తొండం, చెవులు, కిరీటం. తొండం మొదట్లో బొటనవేలంత, చివర చిటికెనవేలంత. గాల్లో వేలాడనివ్వకుండా ఎడమవైపు తిప్పి చివర బొజ్జకో, చేతిలోని ఉండ్రానికో ఆనించండి, మధ్యలో ఊడే బాధ ఉండదు. చెవులు పావు అంగుళం మందం. చెవి వెనక, అతుకు పొడవునా సన్నటి మట్టి కడ్డీ పెట్టి వేలితో రెండు వైపులకూ రాసేయాలి. ముందు నుంచి కనబడదు, బలమంతా దానిదే.

ఐదో రాత్రి బొమ్మను మెత్తటి తువ్వాలు మీద పడుకోబెట్టి, పీఠం అడుగు నుంచి స్పూనుతో తవ్వి బోలు చేయండి. చుట్టూ అంగుళం మందం ఉంచితే చాలు. నిండుగా వదిలేస్తే పైన ఆరిపోయి లోపల పచ్చిగానే ఉంటుంది. పైపొర ముందే ముడుచుకుంటుంటే, పచ్చిగా ఉన్న లోపలిది దాంతో పాటు ముడుచుకోక పైపొర పగులుతుంది.

ఇక వానలు. గాలిలో తేమ ఉంటే నెమ్మదిగా ఆరుతుంది, అది మంచిదే. నీడలో, రెండు పెన్సిళ్ల మీద ఎత్తి పెట్టి, అడుగుకు కూడా గాలి తగిలేలా ఉంచండి. మొదటి రోజు చెవులు, తొండం చివర మాత్రం ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పండి, పలచటివి ముందే ఆరిపోతాయి కాబట్టి. ఫ్యాన్ నేరుగా తగలకూడదు. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

జవాబు | చిట్టి_చేతులు

పిల్లల సంగతి నేను చెబుతాను. నాలుగేళ్ల పిల్ల కుదురుగా కూర్చునేది పది, పదిహేను నిమిషాలు. ఆ సమయానికి సరిపోయే పని ఉండలు చేయడం. పీఠం ముందు పెట్టడానికి 21 మట్టి ఉండ్రాళ్లు చేయమనండి. అన్నీ ఒకే సైజులో రాకపోతే ఏం పోయింది. ఎనిమిదేళ్ల వాడికి ఎలుకను ఇవ్వండి: కోడిగుడ్డు ఆకారం, రెండు చెవులు, తోకకు జనపనార. బొజ్జ చుట్టూ పాము కూడా వాడే పెట్టగలడు, కడ్డీ చేసి చుట్టడమే కదా.

ఇద్దరికీ చెరో పావుకిలో మట్టి విడిగా ఇచ్చేయండి. దాన్ని మీరు ముట్టుకోవద్దు. వాళ్లు చేసిన ముక్కును పెద్దవాళ్లు సరిచేయడం మొదలుపెట్టిన మరుక్షణం పిల్లలు లేచి టీవీ దగ్గరికి పోతారు. అలాగే పెద్ద బొమ్మ తలకాయ మీరే చేసుకోండి, అదీ వాళ్లకు వదలక్కర్లేదు. అది మీ సరదా.

కళ్లకు గురివింద గింజలు పెట్టడం మనవైపు పాత అలవాటు. చూడ్డానికి వాటిని మించినవి లేవు, కానీ ఇంట్లో నాలుగేళ్ల పిల్ల ఉందంటున్నారు కాబట్టి వద్దు. గింజ నమిలితే లోపలిది ప్రాణాంతకమైన విషం. మిరియాలు పెట్టండి. మినుములు పెడితే తడి మట్టిలో మొలకెత్తి కన్ను పైకి పొడుచుకొస్తుంది. తర్వాత మొలకెత్తాలని లోపల పెట్టే విత్తనాల సంగతీ అంతే: తడి మట్టిలో కలిపితే చవితిలోపే ఉబ్బి బొమ్మను పగలగొడతాయి. బొమ్మ పూర్తిగా ఆరాక, అడుగున తవ్విన బోలులో కాగితం పొట్లం కట్టి పెట్టండి.

ముప్పావుగంటలో చేసేది అరగంటే, మిగతాది శుభ్రం చేయడానికి. చేతులు, స్పూన్లు సింకులో కడగొద్దు. మట్టి పైపు వంపులో పేరుకుంటే ప్లంబర్‌ను పిలవాల్సిందే. బకెట్‌లో కడిగి రాత్రంతా వదిలేస్తే మట్టి అడుక్కి దిగుతుంది. పై నీళ్లు పారబోసి, అడుగున ఉన్నది మొక్కలకు వేయండి.

జవాబు | జాజు_ముగ్గు

రంగుల గురించి ఎవరూ చెప్పలేదు. పసుపు, కుంకుమ, జాజు, బొగ్గుపొడి, తెలుపుకు బియ్యప్పిండి. ఇవి చాలు. ఊరికే నీళ్లలో కలిపి పూస్తే ఆరాక చేతికి రాలతాయి. ఒక చెంచా తుమ్మజిగురు పొడిని నాలుగు చెంచాల నీళ్లలో రాత్రంతా నానబెట్టి అందులో కలపండి. తుమ్మజిగురు నీళ్లలో కరుగుతుంది కాబట్టి నిమజ్జనానికి అడ్డురాదు. ప్లాస్టిక్ జిగుళ్లు, వార్నిష్ పూస్తే పైన పొర కట్టి నీళ్లు లోపలికి పోవు.

తెలుపుకు సున్నం మాత్రం వాడకండి. పక్కనే ఉన్న పసుపుకు తగిలిందంటే ఎర్రబడిపోతుంది, పారాణి కలిపినట్టే. బియ్యప్పిండికి చీమలు పడతాయి, అందుకని రంగులు చవితి ముందు రోజు సాయంత్రమే వేయండి.

పాలవెల్లికి రెండడుగుల వెదురు బద్దలు పది తీసుకోండి, ఐదు నిలువు, ఐదు అడ్డం. ముందు బయటి చట్రం నాలుగు మూలలూ బిగించి, తర్వాత లోపలివి పరవాలి. ప్రతి కూడలి దగ్గర పురికొసను ఇంటూ గుర్తులా ఐమూలగా రెండుసార్లు చుట్టి ముడి వేయాలి. ఒకే దిక్కున చుడితే బరువు పడగానే చట్రం చతురస్రం కాస్తా వాలిపోతుంది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే పని పిల్లలది. కట్టేటప్పుడు మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయ లాంటి బరువైనవి మధ్యలో, జామకాయలు, సీతాఫలాలు అంచులకు ఎదురెదురుగా. అన్నీ కలిపి రెండు, మూడు కిలోలు తేలిగ్గా అవుతాయి. కర్టెన్ రాడ్డుకు కాకుండా గట్టి కొక్కేనికి వేలాడదీయండి.

జవాబు | డాలస్_నుంచి

ఇక్కడ చేసుకునే మనవాళ్ల కోసం ఒక మాట. క్రాఫ్టు దుకాణాల్లో దొరికే తెల్లటి ఎయిర్ డ్రై క్లేలు చాలావాటిలో కాగితం పీచు, జిగురు ఉంటాయి. నీళ్లలో వేస్తే సరిగా కరగవు. సిరామిక్ సామాన్లు అమ్మేచోట ఎర్తెన్‌వేర్ క్లే అని అడగండి, 25 పౌండ్ల సంచి వస్తుంది, నాలుగైదు కుటుంబాలు పంచుకోవచ్చు. కాల్చకపోతే అది మామూలు మట్టే.

ఏసీ ఇళ్లలో కష్టం హైదరాబాద్‌కు తలకిందులు. గాలి పొడిగా ఉండి మరీ తొందరగా ఆరిపోతుంది. మొదటి రెండు రోజులు బొమ్మ మీద అట్టపెట్టె బోర్లించి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు | బాల్కనీ_తోట

అందరికీ ధన్యవాదాలు. 6 అంగుళాలదే చేశాం, ఆరుతోంది. బొజ్జ మీద వెంట్రుకవాసి పగులు ఒకటి వచ్చింది. కుడిచెవి వెనక కూడా గీత ఉంది, ముట్టుకుంటే చెవి కాస్త కదులుతోంది. పగిలిన విగ్రహం పూజకు పనికిరాదని మా అత్తయ్య అంటున్నారు. వదిలేసి కొత్తది కొనాలా?

జవాబు | సారె_మీద

కొనక్కర్లేదు. ప్రాణప్రతిష్ఠ కానంతవరకు అది మట్టిముద్దే, ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చని అత్తయ్య గారికి చెప్పండి.

పగులులోకి తడి మట్టి కుక్కితే మళ్లీ ముడుచుకుని అక్కడే విచ్చుకుంటుంది. అదే మట్టిని ఎండబెట్టి పొడి చేసి, నానబెట్టిన టిష్యూ కాగితం గుజ్జు కొద్దిగా, వెనిగర్ నాలుగు చుక్కలు వేసి, వీలైనంత తక్కువ తడితో గట్టి ముద్ద చేయండి. పగులు చుట్టూ మాత్రం తడి వేలితో రాసి, ఆ ముద్దను స్పూను వెనక భాగంతో నొక్కి నింపండి. గంట తర్వాత ఇంకోసారి నొక్కండి.

చెవి కదులుతోందంటే పైపైన పూసి లాభం లేదు, తీసేయండి. రెండు వైపులా తడిగుడ్డ ముక్క పెట్టి మూడు, నాలుగు గంటలు వదిలేస్తే అక్కడ మట్టి మెత్తబడుతుంది. అప్పుడు గీరి, మట్టినీళ్లు పూసి, వెనక కడ్డీ పెట్టి అతికించండి. ఆ చెవి మీద ఒక రోజు కవర్ కప్పి ఉంచండి. నీళ్లు నేరుగా పోయకండి, పొడి మట్టి నీళ్లు తగిలితే పొరలు పొరలుగా ఊడిపోతుంది.

నిమజ్జనంలో పనికొచ్చేదీ ఆ గుణమే. పూర్తిగా ఆరిన బొమ్మ బకెట్ నీళ్లలో చకచకా విడిపోతుంది, పచ్చిదే మొండికేస్తుంది. రాత్రంతా ఉంచి, మర్నాడు ఆ మట్టిని కుండీలకు వేసేటప్పుడు ఒక వంతుకు నాలుగు వంతుల పాత మట్టి, ఎరువు కలపండి. ఒక్క బంకమన్నే పోస్తే నీళ్లు దిగక వేర్లు కుళ్లుతాయి.