థార్‌కు ఇనుప వెనక బంపరు: రేకు మందం, వెల్డింగ్, ఛాసిస్‌కు బిగింపు గురించి సలహా కావాలి

ప్రశ్న: దేవరకొండ బత్తాయి రైతు

అందరికీ నమస్కారం. 2021లో కొన్న మహీంద్రా థార్ జీపులో రోజూ మా బత్తాయి తోటకు వెళ్లి వస్తుంటాను. పోయిన నెల వాగు దాటి గట్టు ఎక్కుతుండగా వెనక ప్లాస్టిక్ బంపరు బండరాయికి తగిలి ఒక మూల పూర్తిగా విరిగిపోయింది. కొత్తది వేయించినా మళ్లీ అదే గట్టు ఎక్కాలి కనుక, ఇనుముతో చేయించాలని అనుకుంటున్నాను. మా ఊళ్లో గేట్లు, ట్రాక్టరు ట్రాలీలు చేసే ఆయన 5 ఎం.ఎం. రేకుతో చేసి నేరుగా ఛాసిస్‌కే, అంటే బండి అడుగు చట్రానికే, వెల్డింగ్ పెడితే ఇక కదిలేది లేదని అంటున్నాడు. వానకాలంలో దిగబడిన ట్రాలీలను లాగడానికి రెండు కొక్కేలు కూడా పెట్టించాలని ఉంది. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: మిర్యాలగూడ ఫ్యాబ్రికేటర్

తమ్ముడూ, రైసు మిల్లుల హాపర్లు, ఎలివేటర్లు చేయడమే నా పని. జీపు బంపర్లు కూడా కొన్ని చేశాను. ఛాసిస్‌కు వెల్డింగ్ మాత్రం పెట్టించవద్దు. గతుకుల్లో ఛాసిస్ ఎంతో కొంత మెలి తిరుగుతూనే ఉంటుంది. వెల్డింగ్ వేడి తగిలిన అంచు దగ్గర ఆ మెలికే పగులుగా మొదలవుతుంది. పైగా రేపు బంపరు సొట్టపడితే గ్యాస్ కటింగ్‌తో తప్ప ఊడిరాదు. పాత బంపరును మోసిన బోల్టు రంధ్రాలనే ఆధారం చేసుకొని, 8 ఎం.ఎం. ప్లేటుతో రెండు బ్రాకెట్లు కోయించి, తలపై 8.8 అని బలం గ్రేడు ముద్ర ఉన్న 12 ఎం.ఎం. బోల్టులతో బిగించండి. పెట్టె ఆకారపు ఛాసిస్‌కు ఆరపార రంధ్రం వేయక తప్పనప్పుడు లోపల పైపు ముక్క దూర్చాలి. లేకపోతే బోల్టు బిగించిన కొద్దీ పెట్టె లోపలికి నొక్కుకుపోతుంది.

ఇక మందం సంగతి. చదరపు మీటరు ఇనుప రేకు ప్రతి మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. మీ బంపరుకు మడతలతో కలిపి సుమారు 0.9 చదరపు మీటరు రేకు పడుతుందనుకుంటే, 5 ఎం.ఎం. అయితే 35 కిలోలు, 3 ఎం.ఎం. అయితే 21 కిలోలు. ఆ బరువంతా వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది. 3 ఎం.ఎం. రేకును మడతలు పెట్టి, లోపల పక్కటెముకల్లా పట్టీలు అతికితే బండరాయికి చాలినంత బలం వస్తుంది. మీ బంపరు విరిగింది మూలనే కాబట్టి, రెండు మూలలనూ టైరు వైపు ఏటవాలుగా పైకి కోయించండి. గట్టు ఎక్కేటప్పుడు తోక నేలకు తగలకుండా ఉంటుంది.

జవాబు: కొల్లాపూర్ మామిడి తోట

అన్నగారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి చేరుస్తాను. నా పాత జీపుకు బంపరు చేసిన ఆయన కొక్కేన్ని 3 ఎం.ఎం. రేకు ముఖంపైనే అతికాడు. చూడటానికి వెల్డింగ్ చాలా అందంగా ఉండేది. తడిసిన ఎర్రనేలలో కూరుకుపోయిన ట్రాలీని ఒక్క ఊపున లాగబోయాను. కొక్కెం ఊడివచ్చి, గొలుసుతో పాటు ఎగిరి ట్రాక్టరు ముందు లైటును పగలగొట్టింది. డ్రైవరు అప్పుడే దిగి పక్కకు జరిగాడు కనుక బతికాడు. తర్వాత చూస్తే వెల్డింగ్ చెక్కుచెదరలేదు; దాని చుట్టూ రేకే గుండ్రంగా, డబ్బా మూత కోసినట్టు చిరిగి కొక్కేనికి అంటుకొని వచ్చింది. లాగే బలం రేకు మీద కాక ఛాసిస్ మీద పడేలా ఉండాలని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

ప్రశ్న అడిగినవారు: దేవరకొండ బత్తాయి రైతు

వెల్డింగ్ ఆలోచన విరమించుకున్నాను, బోల్టులే వేయిస్తాను. అయితే కొక్కేలు అసలే వద్దంటారా? మా ఊరి షాపులో పాత ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ మెషిన్ ఒక్కటే ఉంది. దానితో ఈ పని అవుతుందా?

జవాబు: మిర్యాలగూడ ఫ్యాబ్రికేటర్

పెట్టవచ్చు, కానీ కొక్కెం వద్దు. బ్రాకెట్ ప్లేటునే పొడుగ్గా కోయించి, రేకులో చీలిక చేసి బయటికి రానివ్వండి. ఆ చివర రంధ్రం వేసి 4.75 టన్నులని ముద్ర ఉన్న షాకిల్ (అడ్డంగా పిన్ను ఉండే U ఆకారపు ఇనుప కడియం) తగిలిస్తే లాగే బరువు నేరుగా ఛాసిస్‌కు పోతుంది. రేకు అప్పుడు కేవలం ముసుగు. గొలుసు బదులు బెల్టు వాడండి, తెగినా ఎగరకుండా దాని మధ్యలో ఒక తడిగోనె వేయండి.

రేకు అతుకులకు మీ షాపు మెషిన్ మీద 6013 రకం వెల్డింగ్ రాడ్డు, 2.5 ఎం.ఎం. సైజు, 70 నుంచి 90 ఆంపియర్లలో హాయిగా నడుస్తుంది. బ్రాకెట్లకు నేనైతే 7018 రకం రాడ్డు వాడతాను. అది పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద సరిగా అంటుకోదు, డీసీ మెషిన్ కావాలి. రాడ్డు చెమ్మగిల్లితే దాని గుణమే పోతుంది. అందుచేత ఆ రెండు బ్రాకెట్లను మాత్రం పట్నంలో చేయించుకోండి.

ముందు అట్టతో నమూనా కత్తిరించి బండికి ఆనించి చూడండి. పక్కకు తెరుచుకునే వెనక తలుపు స్టెప్నీతో సహా తగలకుండా తిరగాలి. రేకును బండి మీద ట్యాకులు (నిలవడానికి వేసే చిన్న చుక్క అతుకులు) వేసేంతవరకే ఉంచి, పూర్తి వెల్డింగ్ కింద దించి చేయించాలి. ట్యాకులు వేసే ముందు బ్యాటరీ నెగిటివ్ వైరు తీసేసి, వెల్డింగ్ మెషిన్ ఎర్త్ క్లాంపును ట్యాకు పక్కనే పట్టించండి. మీటరున్నర పొడుగు అతుకును ఏకబిగిన లాగిస్తే బంపరు విల్లులా వంగుతుంది. రెండేసి అంగుళాల చొప్పున ఒకసారి ఎడమ చివర, ఒకసారి కుడి చివర, మధ్యలో చల్లారనిస్తూ వేయమనండి. మా కుర్రాళ్లకు ఈ ఓపిక నేర్పడానికే నాకు ఏళ్లు పట్టింది.

జవాబు: నల్లగొండ నుంచి మరొకరు

పనిలో మీరందరూ నాకంటే తెలిసినవారు. చట్టం సంగతి మాత్రం చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. ముందు వైపు బిగించే బుల్ బార్ల (ఇనుప కమ్మీల బంపర్ల) మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. కనుక పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ, ఇన్సూరెన్సు వారి దగ్గరా అడగండి. నంబరు ప్లేటు, రిఫ్లెక్టర్లు, లైట్లు ఏవీ రేకు వెనక దాగకూడదు.

జవాబు: మిర్యాలగూడ ఫ్యాబ్రికేటర్

ఒకటి మరిచాను. రంగుకు ముందు వెల్డింగ్ మీది చిట్టెం అంతా కొట్టించి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు లోపలి వైపు కూడా వేయించండి. అడుగున నాలుగు రంధ్రాలు వదలకపోతే వాగు నీళ్లు లోపలే నిలుస్తాయి.