సినాప్స్ డిస్క్ మొత్తం మింగేసింది, తుడిచేసి మళ్ళీ పెట్టొచ్చా?

అర్ధరాత్రి_అడ్మిన్:
అందరికీ నమస్తే. మా స్నేహితులు పన్నెండు మందికి ఏడాదిగా ఒక మ్యాట్రిక్స్ చాట్ సర్వర్ నడుపుతున్నాను. మ్యాట్రిక్స్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ సినాప్స్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, 80 జీబీ డిస్క్ ఉన్న అద్దె సర్వర్. మొన్న రాత్రి రెండింటికి డిస్క్ నిండిపోయి పోస్ట్‌గ్రెస్ ఆగిపోయింది. ఫోటోలూ వీడియోలే అయ్యుంటాయనుకుని మీడియా ఫోల్డర్ చూస్తే అది 6 జీబీనే. అసలు తిన్నది స్టేట్_గ్రూప్స్_స్టేట్ అనే ఒక్క టేబుల్, 51 జీబీ! మేం రాసుకున్న మెసేజ్‌లన్నీ కలిపినా ఒక జీబీ ఉండవు. పాత లాగ్‌లు చెరిపి ఎలాగోలా లేపాను గానీ వారం కూడా ఆగేలా లేదు, ఒకటే టెన్షన్. డేటాబేస్ తుడిచేసి అదే డొమైన్ మీద మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా? పాత చాట్‌లు పోయినా మావాళ్ళకి ఫర్వాలేదు.

పాతకాపు:
ఆగు బ్రో, తుడవకు. మీలో ఎవరో వేలమంది ఉన్న పబ్లిక్ రూమ్‌లో చేరి ఉంటారు, పందెం. మ్యాట్రిక్స్‌లో రూమ్ ఏ ఒక్క సర్వర్‌దీ కాదు, చేరిన ప్రతి సర్వర్ దగ్గరా దాని కాపీ ఉంటుంది. సభ్యులెవరు, ఎవరికి ఏ అధికారం, రూమ్ పేరేంటి, ఇదంతా స్టేట్. ఎవరు వచ్చినా పోయినా అది మారుతుంది. సినాప్స్ మామూలుగా మార్పు మాత్రమే రాసుకుంటుంది కానీ మధ్యమధ్యలో జాబితా మొత్తం మళ్ళీ రాస్తుంది, ఇరవై వేలమంది రూమ్ అయితే అలా రాసిన ప్రతిసారీ ఇరవై వేల వరసలు. మీవాడు అందులో ఒక్క ముక్క మాట్లాడకపోయినా సరే.

ఇక తుడిచేస్తే మతిమరుపు నీ సర్వర్‌కే, మిగతావాటికి అంతా గుర్తుంటుంది. నువ్వింకా రూమ్‌లోనే ఉన్నావనుకుని పంపుతూనే ఉంటాయి. సైనింగ్ కీ, అంటే నీ సర్వర్ తన మెసేజ్‌ల మీద సంతకం పెట్టే కీ, అది కూడా పోతే ఇంకో గోల. నేనొకసారి ఈ పని చేసి, రూమ్‌లో చేరినట్టు కనిపిస్తూ మెసేజ్‌లు రాక, చివరికి కొత్త డొమైన్‌తో మొదలుపెట్టా.

అర్ధరాత్రి_అడ్మిన్:
దొరికాడు. ఒకతను మూడు పెద్ద రూమ్‌లలో ఉన్నాడు, అడిగితే "ఊరికే చూద్దామని" అన్నాడు. అతను బయటికి వచ్చేస్తే స్థలం తిరిగొస్తుందా?

నిదానం:
దానంతటదే రాదండి. ముందు పీజీ_డంప్‌తో డేటాబేస్ బ్యాకప్ తీసి వేరే మెషిన్‌లో పెట్టుకోండి, దాంతోపాటు కాన్ఫిగ్ ఫైల్, సైనింగ్ కీ. తర్వాత సినాప్స్ అడ్మిన్ ఏపీఐలో (అడ్మిన్ ఆదేశాలిచ్చే దారి) రూమ్ డిలీట్‌ని పర్జ్‌తో సహా వాడితే మీ యూజర్లని బయటికి పంపి ఆ రూమ్ డేటా చెరిపేస్తుంది. మిగిలిన రూమ్‌ల స్టేట్‌ని కుదించడానికి సినాప్స్ కంప్రెస్ స్టేట్ టూల్ ఉంది. ఇంత చేసినా డిస్క్‌లో ఖాళీ కనబడదు, ఎందుకంటే పోస్ట్‌గ్రెస్ ఆ జాగాని తనే అట్టిపెట్టుకుంటుంది. వాక్యూమ్ ఫుల్ అనే పోస్ట్‌గ్రెస్ కమాండ్ కొడితేనే వదులుతుంది. అది టేబుల్‌ని కొత్తగా రాస్తుంది కాబట్టి ఆ మేరకు అదనపు చోటు కావాలి, టేబుల్ లాక్ అవుతుంది, సినాప్స్ ఆపి చేయండి. చోటు లేకపోతే ఇంకో డిస్క్ తాత్కాలికంగా తగిలించుకోండి.

మళ్ళీ ఇలా కాకుండా కాన్ఫిగ్‌లో లిమిట్_రిమోట్_రూమ్స్ ఆన్ చేయండి. కాంప్లెక్సిటీ 1 అంటే 500 స్టేట్ ఈవెంట్లు, అది దాటిన బయటి రూమ్‌లలో చేరనివ్వదు.

ఎక్స్‌ఎంపీపీ_వీరాభిమాని:
పన్నెండు మందికి ఇంత బరువెందుకో నాకర్థం కాదు. ఎక్స్‌ఎంపీపీ అనే ఇంకో చాట్ పద్ధతికి ప్రోసడీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది పెట్టుకుంటే రూమ్ ఒక్క సర్వర్‌లోనే ఉంటుంది, ఈ కాపీల గొడవే లేదు. ఆ సర్వర్ పడుకుంటే రూమూ పడుకుంటుంది, అది ఒప్పుకుంటా.

అర్ధరాత్రి_అడ్మిన్:
నిదానం గారూ, థాంక్స్. రాత్రంతా పట్టింది, 51 జీబీ టేబుల్ 4 జీబీకి దిగింది. లిమిట్ కూడా పెట్టేశా. పొద్దున్నే మనవాడి నుంచి మెసేజ్: "సర్వర్‌లో ఏదో ఎర్రర్ ఉంది, ఆ రూమ్‌లో చేరనివ్వట్లేదు, చూడవా?"