మొదటి పెద్ద బండి: సెకండ్ హ్యాండ్ 650 నేరుగా ఎక్కొచ్చా, కొత్త 350తో మొదలుపెట్టాలా?

నల్లపాడు_125
అందరికీ నమస్కారం. ఊరు గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. కాలేజీ రోజుల నుంచీ షైన్ 125 మీదే తిరుగుతున్నాను. పెద్ద బండి సొంతంగా ఎప్పుడూ లేదు. ఫ్రెండ్ బుల్లెట్ అప్పుడప్పుడూ తోలాను, అంతే. బడ్జెట్ అన్నీ కలిపి రెండున్నర లక్షలు.

పటమటలో ఒకాయన 2021 రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 అమ్ముతున్నారు. ఫస్ట్ ఓనర్, మీటర్ 19 వేలు, ధర 2.15 చెబుతున్నారు, బేరం ఉంటుందట. మా నాన్నేమో "ఆ డబ్బుకి కొత్త క్లాసిక్ 350 వస్తుంది కదరా, ఒకడు వాడి వదిలేసింది మనకెందుకు" అంటున్నారు. వారంలో కొన్ని రోజులు హైవే మీద విజయవాడ వెళ్లి రావాలి, మిగతా రోజులు రైలు. నేరుగా 650 ఎక్కడం తెలివైన పనేనా, లేక తొందరపడుతున్నానా?

బందరురోడ్డు_ట్విన్
తీసేసుకో తమ్ముడూ, ఆలోచించకు. 350 కొన్నవాళ్లలో సగం మంది ఏడాది తిరిగేసరికి 650 వైపు చూస్తుంటారు. మా గ్యాంగులో ఇదే కథ. రెండుసార్లు లైఫ్ ట్యాక్స్, రెండుసార్లు ఇన్సూరెన్స్, మధ్యలో అమ్మేటప్పుడు నష్టం. ఆ డబ్బంతా ఎవరికి కట్టినట్టు?

పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ దాటిన బండ్లకి 40 శాతం. అంతకుముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. కొత్త 650 ఆన్‌రోడ్ నాలుగు లక్షల దగ్గర ఉంది. నీకు దొరికింది దాదాపు సగం రేటు. మొదటి ఓనరు పోగొట్టుకున్నదే నీకు లాభం.

భయపడేంత బండి కూడా కాదు. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 బీహెచ్‌పీ. కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది, క్లచ్ మెత్తగా ఉంటుంది. అసలు దూకుడు చూడాలంటే 390 డ్యూక్ ఎక్కు. దాదాపు 170 కిలోల బండికి దాదాపు ఇంతే పవర్. కొత్తవాడిని కంగారు పెట్టేది అది, ఇది కాదు.

బ్రోడీపేట_సింగిల్
జీఎస్టీ గురించి సగం చెప్పి వదిలేశారు. అదే రోజు 350 లోపు బండ్లకి 28 నుంచి 18కి తగ్గింది. క్లాసిక్, మీటియార్, హంటర్ అన్నీ 349 సీసీయే. అంటే ఇవాళ కొత్త 350 కొనడానికి ఇంతకన్నా మంచి టైమ్ లేదు. వాళ్ల నాన్నగారి లెక్క కరెక్టే.

ఇక పవర్ గురించి ఎవరూ గొడవ పడట్లేదు, గొడవంతా బరువుతో. షైన్ 115 కిలోల లోపు. ఇంటర్‌సెప్టర్ పెట్రోలుతో 217. హైవే మీద ఆ బరువు తెలియదు, నిజమే. అపార్ట్‌మెంట్ సెల్లార్లో తెలుస్తుంది. మన ఊళ్లలో ర్యాంపులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. నిటారుగా ఉంటాయి, పైకి రాగానే రోడ్డు, పక్కన వాచ్‌మన్ కుర్చీ. ర్యాంపు మధ్యలో ఎదురుగా కారు వస్తే బ్రేకు పట్టుకుని ఒక కాలి మీద ఆగాలి. అక్కడ బండి కాస్త వంగిందంటే ఆపడం నీ వల్ల కాదు, వదిలేయడమే.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి. సెకండ్ హ్యాండ్ బండిలో లోపం పట్టుకోవాలంటే మంచి బండి ఎలా ఉంటుందో ముందు తెలియాలి. జీవితంలో ఒక్క 650 కూడా తోలని మనిషికి క్లచ్ జారుతోందని ఎలా తెలుస్తుంది? వాడికి అన్నీ బాగానే అనిపిస్తాయి. షైన్ దిగి ఎక్కినవాడికి అరిగిపోయిన 650 కూడా విమానమే.

మంగళగిరి_మీటియార్
అన్నయ్యలూ, అతని ఎత్తు ఎంతో ఒక్కరూ అడగలేదు. నాది 5 అడుగుల 2 అంగుళాలు. ఇంటర్‌సెప్టర్ సీటు 804 మిల్లీమీటర్లు, క్లాసిక్ 805. ఎత్తులో రెండూ ఒకటే. క్లాసిక్ బరువు 195 కిలోలు, అదేమీ దూదిపింజ కాదు. షైన్ నుంచి 195కి వెళ్లినా 217కి వెళ్లినా మొదటి నెల కష్టం అదే. నేను 765 సీటు ఉన్న మీటియార్ తీసుకున్నది అందుకే, రెండు పాదాలూ పూర్తిగా ఆనతాయి. షోరూమ్‌లో స్టాండ్ వేసిన బండి మీద కూర్చుని చూస్తే ఏమీ తెలియదు. స్టాండ్ తీసి, దిగి, పది అడుగులు వెనక్కి తోసి చూడమనండి.

నల్లపాడు_125
నేను 5 అడుగుల 9 అంగుళాలు అక్కా. ఇంట్లో సెల్లార్ లేదు, సొంత ఇల్లు, గేటు నేరుగా రోడ్డు మీదకే. ఆఫీసులో మాత్రం సెల్లారే.

ఆటోనగర్_పాతకాపు
650నా 350నా అన్నది మీరు తేల్చుకోండి. నేను బండి సంగతి చెబుతాను.

విజయవాడలో సెకండ్ హ్యాండ్ బండి ఏది కొన్నా నా మొదటి ప్రశ్న ఒకటే. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఈ బండి ఎక్కడుంది? బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో మునిగిన బండ్లు ఎన్నో తర్వాత తళతళలాడుతూ మార్కెట్‌లోకి వచ్చాయి. కొన్ని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద తీసుకుని వేలం వేసినవి, కొన్ని ఓనర్లే కడిగించి అమ్మేసినవి. ఓనరు పటమటలో ఉన్నాడంటే బండి కూడా ఆ వారం పటమటలోనే ఉందని కాదు.

మునిగిన బండి వెంటనే బయటపడదు. ఆయిల్ మార్చి, ప్లగ్గులు ఆరబెట్టి స్టార్ట్ చేస్తే నడుస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో వైరింగ్ మొదలుపెడుతుంది. చూడాల్సింది పైన కాదు. సీటు తీసి బ్యాటరీ కింద వేలు పెట్టి రుద్దు. మామూలు దుమ్ము వేలికి పొడిగా అంటుకుంటుంది. వరద మట్టి నున్నగా, పొరలా, గోరుతో గీకితే ఊడి వస్తుంది. ఎంత వాటర్ వాష్ కొట్టినా ఆ మూలల్లో పోదు. హెడ్‌లైట్ విప్పనిస్తే ఆ డొప్పలో కనెక్టర్లన్నీ ఉంటాయి, ఒకటి లాగి చూడు. లోపల పిన్నులకి పచ్చగా చిలుము పట్టి ఉంటే ఇక మాట్లాడకుండా ఇంటికి పో.

తర్వాత ఏబీఎస్ లైటు. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేదే ఏబీఎస్. తాళం తిప్పగానే మీటర్లో ఆ లైటు వెలగాలి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే ఫాల్ట్ ఉన్నట్టు, అది అందరికీ తెలుసు. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే మాత్రం ఇంకా అనుమానించాలి. ఎవరో దాన్ని కావాలని తీసేసి ఉండొచ్చు. ఏబీఎస్ యూనిట్ మార్చాలంటే ఎంతవుతుందో షోరూమ్‌లో అడిగి చూడు, కళ్లు తిరుగుతాయి.

చల్లటి ఇంజన్ మీదే స్టార్ట్ చేయాలి, వేడి ఇంజన్ లోపాలు దాచేస్తుంది. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే "టీ తాగి వస్తానండీ" అని ఒక గంట బయట తిరుగు.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. బండీ టైర్లూ ఒకే వయసువైతే రబ్బరు గట్టిపడి ఉంటుంది, గాడులు ఎంత లోతుగా కనిపించినా సరే. వానలో వారధి మీద బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. 19 వేలకే కొత్త టైర్లు వేసి ఉంటే ఎందుకు వేశారో అడుగు, మీటర్ తిప్పిన బండి కావచ్చు. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, గ్రిప్పులు, డిస్కు అంచు మీటర్ లాగా అబద్ధమాడవు. డిస్కు అంచున గోరు తగిలేలా మెట్టు కట్టి ఉంటే 19 వేలు కాదు.

సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పు. మధ్యలో టక్కుమని పట్టినట్టుంటే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయింది. అది పెద్ద ఖర్చేమీ కాదు, బేరానికి పనికొస్తుంది.

ఇంకో మాట. 2021 ఇంటర్‌సెప్టర్ అంటే స్పోక్ చక్రాలు, ట్యూబ్ టైర్లు. అల్లాయ్, ట్యూబ్‌లెస్ 2023లో వచ్చాయి. కాజా టోల్ దాటాక వెనక చక్రం పంక్చరైతే, దారిలో ఉండే పంక్చరు కుర్రాడు ఆ చక్రం విప్పడానికి భయపడతాడు. తరచూ హైవే ఎక్కేవాడివి, ఇది ఆలోచించుకో.

బందరురోడ్డు_ట్విన్
బాబాయ్, ట్యూబ్ సంగతి ఒప్పుకుంటా. కానీ కొత్త క్లాసిక్‌లో కూడా స్పోక్ మోడళ్లు ట్యూబ్ టైర్లతోనే వస్తాయి కదా. ట్యూబ్‌లెస్ కావాలంటే అల్లాయ్ వేరియంట్‌కి ఇంకా డబ్బు పెట్టాలి.

బ్రోడీపేట గారూ, "లోపం పట్టుకోలేడు" అన్న మాట మీద ఒకటి అడుగుతా. వాడు ఒక్కడే ఎందుకు వెళ్లాలి? తెలిసినవాళ్లని తీసుకెళ్తాడు. పెళ్లిచూపులకి ఎవరైనా ఒంటరిగా వెళ్తారా? ఆటోనగర్ మన చేతిలోనే ఉంది, రాష్ట్రంలో ఇంకే ఊరికి ఇంత సౌకర్యం ఉంది?

బ్రోడీపేట_సింగిల్
తీసుకెళ్లిన మెకానిక్ గంటసేపు చూస్తాడు. ఆ తర్వాత రోజూ దానితో ఉండాల్సింది ఇతను. చిన్న శబ్దం వచ్చినా అది మామూలుదో కాదో తెలియదు, ప్రతిదానికీ టెన్షన్. కొత్త బండి అయితే వారంటీ ఉంది, అడగడానికి షోరూమ్ ఉంది. నేర్చుకునే రోజుల్లో బుర్ర రోడ్డు మీద ఉండాలి, ఇంజన్ శబ్దం మీద కాదు.

మంగళగిరి_మీటియార్
దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మొదటి పెద్ద బండి ఎప్పుడో ఒకసారి పడిపోతుంది, పార్కింగ్‌లోనైనా. కొత్త బండి ట్యాంకు మీద గీత పడితే నెల రోజులు నిద్ర పట్టదు. అప్పటికే రెండు గీతలున్న బండి అయితే లేపి, తుడిచి వెళ్లిపోతాం. ఆ ధైర్యం వల్లే తొందరగా నేర్చుకుంటాం. అందుకని నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే. 650కి మాత్రం కాదు, సెకండ్ హ్యాండ్ 350కి.

బ్రోడీపేట_సింగిల్
జీఎస్టీ తగ్గాక సెకండ్ హ్యాండ్ 350ల ధరలు అంతగా దిగలేదు మేడమ్. అమ్మేవాళ్లు ఇంకా పాత రేట్లు పట్టుకుని కూర్చున్నారు. కొత్తదానికీ రెండేళ్లు వాడినదానికీ తేడా చాలా తక్కువ. 350 అయితే కొత్తదే. సెకండ్ హ్యాండ్ అంటూ కొంటే అది 650కే అర్థవంతం. ఆ మాట నా నోటితోనే చెప్పించారు.

బందరురోడ్డు_ట్విన్
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

కాగితాలు_ముందు
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. బండి ఎంత బాగున్నా సి-బుక్ (ఆర్‌సీ) మీ పేరు మీదకి రాకపోతే అది మీ బండి కాదు. పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి హైపోతికేషన్, అంటే బండి మీద ఫైనాన్స్ తాకట్టు, ఉందేమో చూడండి. ఫైనాన్స్ తీరిపోయినా ఆర్‌సీలో తీయించుకోనివాళ్లు చాలామంది ఉంటారు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఆ తాకట్టు తీసేసే ఫారం 35 చేతికి వచ్చాకే అడ్వాన్సు. పేరు మార్పుకి ఇచ్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని "తర్వాత మార్చుకుంటాలే" అని ఊరుకోవద్దు. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలని చట్టం. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి, లేదంటే మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిమ్ పెట్టినా ఇబ్బంది. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, బండితో రాదు. 2021 బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ 2026లో అయిపోతుంది, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

హైదరాబాద్‌లో చవగ్గా దొరుకుతున్నాయని టీఎస్ నంబరు బండికి ఎగబడేవాళ్లకి కూడా ఇదే మాట. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది.

ఆటోనగర్_పాతకాపు
కాగితాల బాబు చెప్పింది బంగారం.

నల్లపాడు తమ్ముడూ, నీ రెండున్నరలో బండికి రెండు దాటనివ్వకు. టైర్ల జత, చైన్ స్ప్రాకెట్ సెట్, ఆయిల్, ఫోర్క్ సీళ్లు, ఇవి నాలుగూ ఒకేసారి మీద పడొచ్చు. అవి పోగా మంచి హెల్మెట్, గ్లవ్స్ కొనాలి. 2.10కి దిగినా ఒప్పుకోకు. ఆయన రెండుకి రాకపోతే వదిలెయ్, ఇంటర్‌సెప్టర్లు ఇంకా వస్తాయి. కొన్నాక మొదటి ఆదివారాలు హైవే ఎక్కకుండా వెంకటపాలెం అవతల అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డులో తెల్లవారుజామున యూటర్న్‌లు కొట్టు. టిప్పర్లు మొదలయ్యేలోపు వచ్చెయ్.

నల్లపాడు_125
అందరికీ థాంక్స్. ఓనరుతో ఇప్పుడే మాట్లాడాను. 2024 సెప్టెంబరులో బండి ఎక్కడుందని అడిగితే కాసేపు ఆగి, "మా బావమరిది వాడుతున్నాడు అప్పుడు" అన్నారు. ఆ బావమరిది ఇల్లు ఎక్కడంటే అజిత్ సింగ్ నగర్ అట. "నీళ్లు బండి దాకా రాలేదు, మేడ మీదకి ఎక్కించాం" అంటున్నారు.

బ్రోడీపేట_సింగిల్
217 కిలోల బండిని మేడ మీదకా? ఏ మెట్ల మీద?

బందరురోడ్డు_ట్విన్
ర్యాంపు ఉన్న ఇల్లయితే ఎక్కించొచ్చు. అది కూడా అడగాలి. ఆ వారం ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటివాళ్లు చెబుతారు. సర్వీసు హిస్టరీ షోరూమ్‌లో నంబరు చెబితే ఇస్తారు, 2024 అక్టోబరు, నవంబరు బిల్లులు ముందు చూడు. వైరింగ్ సెట్, బేరింగులు మార్చినట్టుంటే నేనే వద్దంటా.

బ్రోడీపేట_సింగిల్
ఇంత విచారణ 350 షోరూమ్‌లో ఎవరూ చేయక్కర్లేదు. అంతే చెబుతున్నా.

ఆటోనగర్_పాతకాపు
ఇద్దరూ కాసేపు ఆగండి. తమ్ముడూ, ఆ ఓనరుని బండి వేసుకుని ఆటోనగర్లో మా షెడ్డుకి రమ్మను. రానంటే అక్కడితో సరి. ఆదివారం పెట్టుకోకు, ఆ రోజు మాకు సెలవు. మామూలు రోజు ఉదయం పదింటికి రండి, హెడ్‌లైటు నేను విప్పుతాను. స్టార్ట్ చేసి కాదు, ట్రాలీ ఆటోలో వేసుకుని రమ్మను, ఇంజన్ చల్లగా ఉండాలి. ఆటో కిరాయి నువ్వే ఇచ్చుకో.