బీఎస్సీ నర్సింగ్ ప్రవేశం: ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందే ఇవ్వవచ్చా?

పెద్దలకు నమస్కారం. మాది గుంటూరు. మా అమ్మాయి బైపీసీతో ఇంటర్మీడియట్ పూర్తి చేసి, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదవాలని పట్టుదలగా ఉంది. మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చాలునని బంధువులు అంటున్నారు గాని ఆ మాట దాని చెవికెక్కడం లేదు; నాకూ డిగ్రీయే మేలనిపిస్తోంది.

మా సందేహమల్లా ఇది. కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ ముగియకముందే ఒక ప్రైవేటు కళాశాల వారు యాజమాన్య కోటాలో సీటు ఇస్తామని చెప్పి, టీసీ, మార్కుల జాబితా ఒరిజినల్స్ వెంటనే అప్పగించమంటున్నారు. అవి ఇచ్చేశాక కన్వీనర్ కోటాలో సీటు వస్తే, కట్టిన ఫీజుతో సహా వాటిని వెనక్కి తీసుకోవడం సాధ్యమేనా? ఆ కళాశాలకు సొంత ఆసుపత్రి ఉన్నదో లేదో, క్లినికల్ పోస్టింగులకు (ఆసుపత్రిలో చేసే శిక్షణకు) పిల్లలను ఎక్కడికి పంపుతారో అడిగితే సూటిగా చెప్పకపోవడం నాకు మరింత అనుమానం కలిగిస్తోంది. ఈ వివరాలు నిర్ధారించుకోవడానికి ఎవరిని సంప్రదించాలి?

మరొక చిన్న విషయం. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తి కావడానికి 6 నెలలు పడుతుంది కనుక ఇప్పుడే మొదలుపెట్టించాలా, లేక చేరిన తరువాత కళాశాల వారే వేయిస్తారా? ఇటీవల పిల్లలను చేర్పించినవారు దయచేసి తెలుపగలరు.