సాన్‌చీ వేరు పొడి నాన్నకి పంపొచ్చా?

తెనాలి_అల్లుడు:
చైనాలోని కున్‌మింగ్‌లో ఉంటున్నా. ఇక్కడ మందుల షాపుల్లో బూడిద రంగు వేర్లు కుప్పపోసి అమ్ముతారు, సాన్‌చీ అంటారు (స్తూపం ఉన్న సాంచి కాదు!). ఇదే యున్నాన్ రాష్ట్రంలోని వెన్‌షాన్ పంటట. మూడేళ్లు పెంచి తవ్వుతారు. ఇరవై తలలు అంటే అరకిలోకి ఇరవై వేర్లు తూగుతాయని లెక్క, తల తగ్గేకొద్దీ రేటు ఎక్కువ. రక్తం కారుతుంటే ఆపుతుందట. నాన్నకి చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. పావు కిలో పొడి కొట్టించా. పంపనా?

సింగపూర్_కోడలు:
ఇక్కడ దీన్నే తియన్‌చీ అంటారు. పక్కింటి చైనా ఆంటీ ఒక వేరు ఇచ్చింది. కత్తి దిగలేదు, రోట్లో వేసి రోకలితో కొడితే చిట్లింది. లోపల ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. నాలుకమీద ముందు చేదు, తర్వాత కాస్త తీపి. మేం కోడి సూప్‌లో వేస్తాం.

రాత్రి_డ్యూటీ:
సూప్ వేరు, పచ్చి పొడి వేరు. ఈ వేరులో రక్తం ఆపే పదార్థం డెన్సిచీన్, అది వేడికి విరిగిపోతుంది. అందుకే చైనావాళ్లు రక్తం ఆపడానికి పచ్చిది, బలానికి ఆవిరిమీద ఉడికించింది వాడతారు. ఇంకో చిక్కు, ఇందులోని సపోనిన్లనే పదార్థాలు ప్లేట్‌లెట్లను (రక్తం గడ్డకట్టించే కణాలను) ఒకదానికొకటి అతుక్కోనివ్వవు. అల్లుడు గారూ, నాన్నగారు రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటున్నారా?

తెనాలి_అల్లుడు:
నిరుడు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉన్నాయి.

రాత్రి_డ్యూటీ:
అది కదండీ ముందు చెప్పాల్సింది! చిగుళ్ల నుంచి రక్తం రావడం ఆ మాత్రల వల్లే కావచ్చు. పొడి పంపకండి. అలాగని సొంతంగా మాత్రలు ఆపించకండి, స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టరుకి ఫోన్ చేసి, పళ్ల డాక్టరుకి చూపించమనండి.

పాత_కెమిస్ట్రీ:
డెన్సిచీన్ మనకి కొత్తదేం కాదు. కేసరి పప్పులోని విషం ఇదే! కరువు రోజుల్లో నెలల తరబడి ఆ పప్పే తిన్నవాళ్లకి కాళ్లు పడిపోయేవి. 1964లో బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ ఆ పప్పులోంచి దీన్ని వేరు చేశారు. అక్కడ విషం, ఇక్కడ మందు. ఎంత వేసుకుంటున్నామన్నదే తేడా.

తెనాలి_అల్లుడు:
బాబోయ్. అమ్మకి చెప్పేశా, రేపు పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట. పావు కిలో పొడి నా దగ్గరే ఉండిపోయింది. సింగపూర్ గారూ, ఆ సూప్ ఎలా చేయాలో పెట్టండి.