‘డ్రాఫ్ట్’ ఒకే మాటా, అయిదారు మాటలా?

ప్రశ్న (డాబాగార్డెన్స్ నుంచి)

నమస్కారం. విశాఖపట్నం రేవుకు వచ్చే సరుకు ఓడల పనులు చూసే ఒక చిన్న ఏజెన్సీలో నేను పని చేస్తున్నాను. కొత్తగా చేరే కుర్రవాళ్లకు ఉపయోగపడేలా, మా ఆఫీసులో రోజూ వినిపించే ఇంగ్లీషు మాటలకు తెలుగులో అర్థాలు రాసి పది పేజీల పుస్తకం తయారు చేయమని మేనేజరుగారు నాకు అప్పగించారు. ‘బెర్త్’ (రేవులో ఓడను కట్టే చోటు), ‘డెమరేజ్’ (ఆలస్యానికి పడే రుసుము) వంటివి సులువుగానే గడిచాయి గానీ ‘డ్రాఫ్ట్’ దగ్గర కలం ఆగిపోయింది.

నా భయానికి కారణం ఉంది. కిందటి నెలలో ఒక ఓడ కెప్టెన్ ‘డ్రాఫ్ట్ ఖరారు చేయండి’ అని ఈమెయిల్ పంపితే, నేను బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన సరుకుకు ఇచ్చే రసీదు) డ్రాఫ్ట్ గురించి అడుగుతున్నారనుకొని ఆ కాగితం పంపించాను. ఆయన అడిగింది, సరుకు నింపుకొని బయలుదేరేటప్పుడు ఓడ నీటిలో ఎంత లోతు వరకు మునిగి ఉండవచ్చునని. అదే రోజు మధ్యాహ్నం మా అకౌంటెంటుగారు ‘డ్రాఫ్ట్ వచ్చిందా’ అని అడిగితే, ఈసారి తెలివిగా లోతు ఎంతో చెప్పాను. ఆయనకు కావలసింది బ్యాంకు డిమాండ్ డ్రాఫ్ట్! ఇది చాలదన్నట్టు, థర్మల్ ప్లాంటులో పని చేసే మా బావగారు ఫోనులో ‘ఈ రోజు ఫర్నేసులో డ్రాఫ్ట్ నిలవడం లేదు’ అంటారు.

నా సందేహాలు రెండు. ఇవన్నీ ఒకే మాటకు పుట్టిన అర్థాలా, లేక ఉచ్చారణ ఒకటిగా ఉన్న వేర్వేరు మాటలా? వీటన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఒకటి దొరుకుతుందా?

మొదటి జవాబు (మల్కాపురం నుంచి)

అమ్మా, ఓడల డ్రాఫ్ట్ చదవడమే వృత్తిగా ముప్పై ఏళ్లు రేవులో తిరిగినవాణ్ణి కనుక నాకు తెలిసిన కొస నుంచి మొదలు పెడతాను. ఓడ అడుగు భాగం నుంచి నీటి మట్టం వరకు నిలువుగా ఉన్న దూరమే డ్రాఫ్ట్. రేవులో ఏ ఓడ ఏ బెర్తుకు రాగలదో తేల్చేది ఈ అంకే. 1933లో తెరిచిన లోపలి హార్బరులో కొన్ని బెర్తుల దగ్గర 14.5 మీటర్ల డ్రాఫ్ట్ ఉన్న ఓడలను తీసుకుంటారు. 1976లో మొదలైన బయటి హార్బరులో 18 మీటర్ల వరకు మునిగే పెద్ద ఓడలు కూడా వస్తాయి. మీ కెప్టెన్ ఖరారు చేయమన్నది అందుకే. ఆ అంకె తెలియకపోతే ఎంత సరుకు ఎక్కించాలో ఆయన నిర్ణయించుకోలేరు.

మీ పుస్తకంలో ‘డ్రాఫ్ట్ సర్వే’ అన్న మాట కూడా తప్పక చేర్చండి. డెబ్బై వేల టన్నుల బొగ్గును కాటాలో పెట్టి తూచలేము గనుక ఓడనే కాటాగా వాడుకుంటాము. ముందు, మధ్య, వెనుక భాగాలలో, రెండు ప్రక్కలా కలిపి ఆరు చోట్ల, ఓడ ఒంటి మీద అంకెలు వేసి ఉంటాయి. ఒక్కొక్క అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, అంకెకూ అంకెకూ నడుమ ఖాళీ 10 సెంటీమీటర్లు. నీరు అంకె కింది అంచును తాకితే ఆ అంకె ఎంతో డ్రాఫ్ట్ అంతే. పై అంచును తాకితే దానికి 10 సెంటీమీటర్లు కలపాలి. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరుగుతూ, అల పైకి లేచినప్పుడూ కిందికి దిగినప్పుడూ చూసి, రెంటికీ నడుమ ఉన్నది తీసుకుంటాము. 225 మీటర్ల పొడవున్న ఓడ ఒక్క సెంటీమీటరు మునగాలంటే సుమారు 65 టన్నుల సరుకు కావాలి కనుక, కన్ను వేలెడు తప్పితే లెక్కలో కొన్ని వందల టన్నులు తప్పుతాయి.

నీటి సాంద్రత గొడవ వేరే ఉంది. సముద్రపు నీటి సాంద్రతను 1.025గా తీసుకుంటారు. వానాకాలంలో మేఘాద్రి గెడ్డ నీరు లోపలి హార్బరులో కలిసినప్పుడు అది తగ్గుతుంది. తగ్గిన కొద్దీ అదే బరువున్న ఓడ మరికాస్త లోతుకు దిగుతుంది. అక్కడ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.015 చూపిస్తుంటే, ఆ సవరణ చేయకుండా 70,000 టన్నులని లెక్క తేల్చిన ఓడ అసలు బరువు దానికన్నా దాదాపు 680 టన్నులు తక్కువ. ఓడ ప్రక్కన వలయమూ గీతలూ కనిపిస్తాయి చూడండి, వేసవికి ఒక గీత, ఉష్ణమండలానికి ఒకటి, మంచినీటికి మరొకటి. అవి ఓడను అతిగా నింపకుండా పెట్టిన హద్దులు. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సోల్ పోరాడితే 1876 చట్టం ద్వారా అటువంటి గుర్తు తప్పనిసరి అయింది.

తెలుగు మాట సంగతికి వస్తే, ‘మునక లోతు’ అంటే మా కళాసీలకు వెంటనే అర్థమయ్యేది. కొందరు ‘ముంపు’ అని రాస్తున్నారు గానీ, ముంపు అంటే ఊరికి వచ్చే ఆపద. ఓడకు ఆ మాట వేస్తే చదివేవాడి గుండె జల్లుమంటుంది.

రెండవ జవాబు (సీతమ్మధార నుంచి)

నేను బ్యాంకులో పని చేసి పదవీ విరమణ చేశాను. డిమాండ్ డ్రాఫ్ట్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక బ్యాంకు శాఖ, అదే బ్యాంకుకు చెందిన మరో శాఖను ‘ఇందులో పేరున్న వారికి అడిగిన వెంటనే ఇంత సొమ్ము ఇవ్వండి’ అని ఆజ్ఞాపిస్తూ ఇచ్చే కాగితం అది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 85-ఏ సెక్షను దీని గురించే చెబుతుంది. ఆజ్ఞ రాసేవారిని డ్రాయర్ అనీ, సొమ్ము ఇవ్వమని ఎవరిని ఆజ్ఞాపిస్తే వారిని డ్రాయీ అనీ అంటారు. ఈ రెండు పేర్లలోనూ ఉన్న ‘డ్రా’యే డ్రాఫ్ట్‌కు కూడా మూలం. ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకోవడమే ఓవర్‌డ్రాఫ్ట్.

మీ కుర్రవాళ్లకు పనికివచ్చే సంగతులు రెండు: 2012 ఏప్రిల్ 1 నుంచి డ్రాఫ్ట్ గడువు మూడు నెలలే; 2018 సెప్టెంబరు 15 నుంచి కొన్నవారి పేరు కూడా దాని మీద అచ్చు వేయాలి. 2012కు ముందు పాత డ్రాఫ్టులు పట్టుకొని ఆరో నెలలో కౌంటరు దగ్గరకు వచ్చేవారిని చాలామందిని చూశాను.

ఇంకొక విషయం గమనించండి. మనం డీడీ కొన్నామని అనము, డీడీ ‘తీశాము’ అంటాము. చదువు రానివారు కూడా అలాగే అంటారు. ఆ క్రియలో ఇంగ్లీషు మాట మూలార్థం తనంత తానుగా వచ్చి కూర్చుందేమోనని నాకు అనిపిస్తుంది.

మూడవ జవాబు (గాజువాక నుంచి)

మీ బావగారి మాటకు అర్థం నేను చెప్పగలను. కొలిమిలో గాలీ పొగా ఏ ఒత్తిడి తేడా వలన కదులుతాయో ఆ తేడానే డ్రాఫ్ట్ అంటాము. వేడెక్కిన పొగ బయటి గాలి కంటే తేలికగా ఉండి గొట్టంలో పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి కింది నుంచి కొత్త గాలి వస్తుంది. మన ఇళ్లలో కట్టెల పొయ్యి మండకపోతే ‘పొగగొట్టం లాగడం లేదు’ అనేవారు కదా, అదే ఇది. పెద్ద బాయిలర్లలో గొట్టం ఒక్కటే చాలదు. గాలిని లోపలికి నెట్టే ఎఫ్‌డీ ఫ్యాను ఒకటి, పొగను బయటకు లాగే ఐడీ ఫ్యాను ఒకటి ఉంటాయి. కొలిమి లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే కొంచెం తక్కువగా, నీటి స్తంభం ఎత్తు కొలతలో 5 నుంచి 10 మిల్లీమీటర్లు తక్కువగా ఉండేలా రెంటినీ సరిచూసుకోవాలి. అది నిలవలేదంటే మంట తలుపు సందుల్లోంచి మనుషుల మీదికి వస్తుంది. మీ బావగారి కంఠంలో ఆదుర్దాకు కారణం అదే అయి ఉంటుంది.

పరవాడ సింహాద్రి ప్లాంటు దగ్గర నడుము సన్నగా కనిపించే ఆ భారీ కట్టడాలు నేచురల్ డ్రాఫ్ట్ కూలింగ్ టవర్లు. వాటిలో గాలిని కదిలించేందుకు ఫ్యాన్లు లేవు. వేడి గాలి తనంత తానే పైకి లేస్తుంది.

ఆటోనగరులో పోత పని చేసేవారికి డ్రాఫ్ట్ అంటే మరొకటి. ఇసుక అచ్చులోంచి చెక్క నమూనాను పైకి తీసేటప్పుడు అంచులు విరగకుండా, నమూనా ప్రక్కలను ఒకటి నుంచి మూడు డిగ్రీల వాలుతో చెక్కుతారు. ఆ వాలు పేరు కూడా డ్రాఫ్టే. వాలు లేకుండా నమూనా చేసిన వడ్రంగిని మా మేస్త్రి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాలుగవ జవాబు (భీమిలి నుంచి)

తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మీ మొదటి సందేహానికి సమాధానం పై జవాబుల్లోనే ఉంది: ఇవన్నీ ఒకే మాట. ‘లాగు’ అనే అర్థమున్న పాత ఇంగ్లీషు ధాతువు నుంచి డ్రా, డ్రాగ్, డ్రాఫ్ట్ పుట్టాయి. ఇంగ్లండులో ఓడకూ గాలికీ బండి లాగే ఎద్దులకూ పొడుగాటి పాత వర్ణక్రమమే (draught) ఇప్పటికీ వాడతారు, ఉత్తరానికీ బ్యాంకు కాగితానికీ మాత్రం పొట్టిది (draft) రాస్తారు. అమెరికాలో అన్నిటికీ పొట్టిదే. కరువు అనే అర్థమిచ్చే ‘డ్రాట్’ (drought) చూపుకు దీనికి చుట్టంలా ఉంటుంది గానీ దానికి ఎండిపోవడంతోనే సంబంధం.

కాబట్టి గీసినది డ్రాఫ్ట్, పొగను లాగేది డ్రాఫ్ట్, అచ్చులోంచి తీయడానికి పెట్టిన వాలు డ్రాఫ్ట్, సైన్యంలోకి బలవంతంగా లాగడమూ డ్రాఫ్టే. రెండవ జవాబులో చెప్పిన ‘తీయడం’ నాకు ఎంతో నచ్చింది. మన ‘తీయు’ కూడా తక్కువ తినలేదు: డబ్బు తీస్తాము, ఫొటో తీస్తాము, నూనె తీస్తాము, కునుకు తీస్తాము. ఇంగ్లీషువారు ఈ నాలుగింటికీ ఒకే మాట కావాలని అడిగితే మనం నవ్వమా? మీ రెండవ సందేహానికి నా జవాబు అదే. ఒక్క మాట కోసం వెతకకండి.

ఉత్తరానికి మాత్రం మనకు రెండు మంచి మాటలు ఉన్నాయి. ‘చిత్తుప్రతి’ మనది, దానికి జోడీ ‘సాపు ప్రతి’. ‘ముసాయిదా’ అరబ్బీ నుంచి పారసీ మీదుగా వచ్చింది, దాని మూలార్థం ‘నల్లబడినది’, అంటే సిరా పూసుకున్న కాగితం. చట్టాలకూ ఒప్పందాలకూ ముసాయిదా అనీ, మామూలు ఉత్తరానికి చిత్తు అనీ రాస్తే చెవికి ఇంపుగా ఉంటుంది.

మల్కాపురం నుంచి మళ్లీ

మాస్టారి మాటకు చిన్న అడ్డు. ‘ఎయిర్ డ్రాఫ్ట్’ అని ఒకటి ఉంది: నీటి మట్టం నుంచి ఓడ మీది అన్నిటికన్నా ఎత్తయిన చోటు వరకు ఉన్న దూరం. అక్కడ లాగడమూ లేదు, మునగడమూ లేదు. కింది కొలతకు పేరుంది గనుక పై కొలతకూ అదే అంటగట్టారు. ఖాళీ ఓడ నీటి పైకి ఎక్కువగా తేలి ఉంటుంది కనుక, ఖనిజం పోసే లోడర్ చేతికి అందేలా ట్యాంకుల్లోకి సముద్రపు నీరు నింపి ఓడను కిందికి దించుతారు. లోడర్ ఉన్న బెర్తుకు ఈ అంకె కూడా పంపాలి. అమ్మాయిగారు దీన్ని వదిలేస్తే మరో ఈమెయిల్ దగ్గర తడబడతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకంలో ‘డ్రాఫ్ట్’ను ఒంటరిగా రాయకూడదని నిర్ణయించుకున్నాను. ఓడ డ్రాఫ్ట్‌కు ‘మునక లోతు’, ఎయిర్ డ్రాఫ్ట్‌కు ‘నీటిపై ఎత్తు’, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్‌కు ‘చిత్తుప్రతి’ అని రాసి, డిమాండ్ డ్రాఫ్ట్‌ను డీడీగానే ఉంచాను. కొలిమి, పోత పని మా ఆఫీసుకు రావు గనుక వదిలేశాను. ఈ రోజు ఉదయం మేనేజరుగారు ఆ పేజీ తిరగేసి, ‘బాగుంది, పుస్తకం డ్రాఫ్ట్ సోమవారానికి ఇవ్వండి’ అన్నారు.